గడప నుంచి మనిషి దాకా

ఇంటి గుట్టు ఎంతవరకు ఇంటివాళ్ళది, ఏ హద్దు దాటాక సర్కారు అడగవచ్చు అన్న తగువు ఉత్తరాంధ్రలో పెళ్ళి బేరాల మీద లేచి చట్టసభ దాకా వెళ్ళింది. 1880ల చివర విజయనగరం మహారాజు ఆనంద గజపతి రాజు మద్రాసు శాసనసభలో సభ్యుడు. ఆడపిల్ల తండ్రి మగపెళ్ళివారి దగ్గర సొమ్ము తీసుకుని పిల్లనిచ్చే కన్యాశుల్కం ఆచారాన్ని అరికట్టడానికి 1888లో ఆయన ఒక బిల్లు తేవాలని చూశారు. అది చట్టం కాలేదు. కాని ఆ రోజుల్లోనే మహారాజు చేయించిన మరో పని నిలిచిపోయింది. విశాఖపట్నం జిల్లాలో అంతకుముందు మూడేళ్ళలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్కపు పెళ్ళిళ్ళ జాబితా తీయమని ఆయన ఉత్తరువిచ్చారు. ఆ లెక్కలు గురజాడ అప్పారావు 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ తొలి కూర్పు ముందుమాటలో ఉన్నాయి.

జాబితాకెక్కిన పెళ్ళిళ్ళు 1,034. ఏడాదికి సగటున 344. వాటిలో ఐదేళ్ళ పెళ్ళికూతుళ్ళు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44 మంది, మూడేళ్ళవాళ్ళు 36 మంది, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు. ఏడాది పసికందులు ముగ్గురు. ఆ ముగ్గురికీ పలికిన వెల తలకు 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకు సైతం బేరం కుదిరిన సందర్భాలున్నాయని గురజాడ రాశారు. ఈ లెక్క కూడా పూర్తిది కాదు. పిల్లనమ్ముకున్నామని ఒప్పుకునే తండ్రి ఎవరుంటారు? అగ్రహారాల్లో అడగబోయినవాళ్ళకు చాలాచోట్ల దొరికిన జవాబు ఒక్కటే, మేమేమీ పుచ్చుకోలేదని.

గోప్యత హక్కు చరిత్రలో ఈ జాబితాకు చోటుండాలి. ఆ ఇళ్ళు దాచుకున్నది ఇంటిపెద్ద రహస్యం. ఆ రహస్యం కింద నలిగింది మూడేళ్ళ పిల్ల. ఆ పిల్లకు ఆ ఇంట్లో తనదంటూ గుట్టు లేదు, ఇష్టం లేదు, మాట లేదు. ఇంటికి ఉండే మరుగు వేరు, ఇంట్లోని మనిషికి ఉండవలసిన మరుగు వేరు. ఈ రెంటినీ చట్టం విడదీసి చూడటానికి దాదాపు నూరేళ్ళు పట్టింది. ఆ నూరేళ్ళ కథలో తెలుగు న్యాయవాదులు, న్యాయమూర్తులు, శాసనసభలు అనుకూలంగానూ వ్యతిరేకంగానూ కనబడుతూనే ఉంటారు.

అప్పటి మద్రాసు శాసనసభ ఇప్పటి అసెంబ్లీలాంటిది కాదు. 1861 నాటి ఇండియన్ కౌన్సిల్స్ చట్టం ప్రకారం గవర్నరు నలుగురు మొదలు ఎనిమిది మంది వరకు అదనపు సభ్యులను నియమించుకునేవాడు. ఎన్నికలు లేవు. ప్రభుత్వాన్ని ప్రశ్న అడిగే హక్కు కూడా సభ్యులకు 1892 దాకా లేదు. మతాచారాలకు సంబంధించిన ఏ బిల్లునైనా ప్రవేశపెట్టాలంటే ముందుగా గవర్నర్ జనరల్ అనుమతి తెచ్చుకోవాలి. 1858 నవంబరు 1న వెలువడిన విక్టోరియా రాణి ప్రకటన మతవిషయాల్లో జోక్యం ఉండదని మాట ఇచ్చింది. పెళ్ళిని ముట్టుకునే ఏ బిల్లుకైనా ఆ మాట అడ్డొచ్చేది.

దేశమంతటా అదే వాదన రేగుతున్న కాలమది. 1884లో బెహ్రామ్‌జీ మలబారీ బాల్యవివాహాల మీద, బలవంతపు వైధవ్యం మీద తన ప్రతిపాదనలు ప్రచురించాడు. బొంబాయిలో రఖ్మాబాయి తాను ఒప్పుకోని చిన్ననాటి పెళ్ళికి కట్టుబడి కాపురానికి వెళ్ళనని కోర్టులో నిలబడింది. 1891 మార్చిలో సమ్మతి వయసు చట్టం వచ్చి, ఆడపిల్లతో సంగమానికి కనీస వయసును 10 నుంచి 12 ఏళ్ళకు పెంచింది. దాన్ని ఎదిరించినవాళ్ళలో బాలగంగాధర తిలక్ ముఖ్యుడు. పరాయి ప్రభుత్వం హిందువుల ఇంటిలోపలికి చొరబడరాదన్నది వాళ్ళ పట్టు. పరాయి పాలన మీద వాళ్ళ కోపం న్యాయమైనదే. అయితే ఆ కోపానికి కంచెగా నిలిపింది పదేళ్ళ పిల్ల పడకగదిని. ఇంటి గౌరవం పేరిట జరిగిన ఈ వాదనలో ఆ పిల్ల గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ.

బిల్లు చేయలేనిది నాటకం చేసింది. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ ‘కన్యాశుల్కం’ ప్రదర్శించింది. అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో సుబ్బిని లుబ్ధావధాన్లుకు కట్టబెట్టే బేరం, దానిమీద తల్లి వెంకమ్మ గోల అంతా అరుగు మీదికి, వీధిలోకి, చివరికి కచేరీదాకా వస్తాయి. నాలుగు గోడల మధ్య గుసగుసగా సాగే లెక్కలు నలుగురి ముందు విప్పిన రచన అది. ఆ నాటకాన్ని అంకితం పుచ్చుకున్నది కూడా ఆనంద గజపతి రాజే.

పెళ్ళి వయసు మీద తర్వాత వచ్చిన పెద్ద చట్టం శారదా చట్టం. 1929లో శాసనమై 1930 ఏప్రిల్ 1 నుంచి అమలయింది. ఆడపిల్లకు 14 ఏళ్ళు, మగపిల్లవాడికి 18 ఏళ్ళు నిండాలన్నది నియమం. అమలు తేదీకి ముందు నెలల్లో తెలుగునాట ముహూర్తాల మీద ముహూర్తాలు పెట్టి పసిపిల్లల పెళ్ళిళ్ళు జరిపించేశారు. ఆ తేదీ దాటాక కూడా దారి మూసుకుపోలేదు. ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాంలో బ్రిటిష్ చట్టం చెల్లదు. పెళ్ళివారు అక్కడికి తరలివెళ్ళేవారు. యానానికి కల్యాణపురం అన్న పేరు అలా వచ్చింది.

ఇదే కాలంలో ఇంటి మరుగును కాపాడే చట్టాలు బొత్తిగా లేవని కాదు. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 509వ సెక్షను స్త్రీ ఏకాంతానికి భంగం కలిగించడాన్ని నేరంగా చూసింది. ఘోషా పాటించే స్త్రీలున్న గదిని పోలీసులు సోదా చేయాలంటే ముందు వాళ్ళు తప్పుకోవడానికి వ్యవధి ఇవ్వాలని నేరవిచారణ స్మృతి చెప్పింది. ఆచారం ప్రకారం బయటికి రాని ఆడవాళ్ళు కోర్టుకు స్వయంగా రానక్కరలేదని సివిల్ ప్రొసీజర్ కోడ్ మినహాయింపునిచ్చింది. ఈ మూడూ ఎక్కువగా ఆదుకున్నది సంస్థానాల, జమీందారీల లోగిళ్ళను. పొలం పనికి, సంతకు, నూతికి వెళ్ళే ఆడవాళ్ళకు వాటిలో రెండింటితో పనేలేదు.

కిటికీల తగాదాలు మరో రకం. అగ్రహారపు వీధుల్లో ఇళ్ళు వరుసగా, ఉమ్మడి గోడలతో ఉంటాయి. ముందు అరుగు అందరిదీ. వెనక పెరడు ఇంట్లో ఆడవాళ్ళది. స్నానం, పప్పు రుబ్బుకోవడం, బాలింత కాచుకునే ఎండ, మనసు విప్పి చెప్పుకునే మాట, అన్నీ అక్కడే. పక్కవాడు మేడ కట్టి పెరటి వైపు కిటికీ తెరిస్తే ఆ చోటు పోయినట్టే. 1888లో అలహాబాదు హైకోర్టు గోకుల్ ప్రసాద్ కేసులో, అలాంటి మరుగు ఆచారం ద్వారా సంక్రమించిన హక్కని, దాన్ని భంగపరిచే కిటికీని మూయించవచ్చని తీర్పు ఇచ్చింది. మద్రాసు హైకోర్టు దానికి ఒప్పుకోలేదు. 1866 లోనూ, మళ్ళీ 1895లో సయ్యద్ అజూఫ్ కేసులోనూ అలాంటి హక్కు ఇక్కడ లేదని చెప్పింది. విశాఖపట్నం జిల్లా, నేటి శ్రీకాకుళంలో ఎక్కువ భాగం ఉన్న నాటి గంజాం జిల్లా మద్రాసు రాజధాని కిందివే. కాబట్టి ఇక్కడి పెరడుకు చట్టం అండ లేదు. గోడ ఎత్తు పెంచుకోవడం, తడిక కట్టుకోవడం, లేదా పెద్దమనుషుల్లో పెట్టడమే మార్గం.

ఉత్తరాల సంగతికి వస్తే ప్రభుత్వం తన చేతులను మొదటి నుంచీ ఖాళీగా ఉంచుకుంది. 1885 టెలిగ్రాఫ్ చట్టం 5వ సెక్షను తంతి సందేశాలను, 1898 పోస్టాఫీసు చట్టం 26వ సెక్షను ఉత్తరాలను అత్యవసర పరిస్థితి పేరిట అడ్డగించే అధికారాన్నిచ్చాయి. జాతీయోద్యమంలో పనిచేసినవాళ్ళందరికీ విప్పి మళ్ళీ అతికించిన కవరు ఎలా ఉంటుందో తెలుసు. అందుకే స్వతంత్ర భారత రాజ్యాంగం రాసుకునేటప్పుడు ఈ ప్రస్తావన రాకుండా ఉండలేదు.

1947 మార్చిలో రాజ్యాంగ సభ ప్రాథమిక హక్కుల ఉపసంఘానికి అందిన ముసాయిదాల్లో కె.ఎం. మున్షీ ఇంటి మర్యాదను, ఉత్తరాల రహస్యాన్ని హక్కులుగా రాశారు. అంబేద్కర్ అకారణ సోదాల నుంచి రక్షణ కోరారు. వీటికి అడ్డుపడినవారిలో ప్రముఖుడు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. నెల్లూరు ప్రాంతపు పూదూరులో పుట్టి, మద్రాసు అడ్వొకేట్ జనరల్‌గా పదిహేనేళ్ళు పనిచేసిన దిట్ట. ఉత్తరాల రహస్యాన్ని ప్రాథమిక హక్కు చేస్తే ప్రతి సొంత ఉత్తరానికీ ప్రభుత్వ పత్రానికున్న స్థాయి వస్తుందని, కుట్ర కేసుల్లో సాక్ష్యం దొరకదని ఆయన వాదించారు. సోదాల విషయంలో అమెరికా చరిత్ర వేరని, ఇక్కడ నేరవిచారణ స్మృతి చాలునని అన్నారు. ఆయన పాండిత్యం ముందు ఆ రెండు క్లాజులూ నిలవలేదు. 1947 ఏప్రిల్ 30న బెంగాల్ కమ్యూనిస్టు సభ్యుడు సోమనాథ్ లాహిరి ఉత్తరాల గోప్యత కోసం సభలో సవరణ తెచ్చినా నెగ్గలేదు. 1948 డిసెంబరులో కాజీ సయ్యద్ కరీముద్దీన్ సోదాలపై తెచ్చిన సవరణ ఉపయోగకరమైనదేనని అంబేద్కర్ అన్నా, ఓటింగులో వీగిపోయింది.

ఆ సభలో బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు కూడా సభ్యుడు. 1937 ఎన్నికల్లో బొబ్బిలిలో వి.వి. గిరి చేతిలో ఓడిన మాజీ మద్రాసు ప్రధాని ఆయన. ఆ ఎన్నిక గోప్యత కథలో ఒక ముఖ్యమైన మలుపు. రైతు ఎవరికి ఓటేశాడో జమీందారుకు తెలిసే వీలుండి ఉంటే ఆ ఫలితం వచ్చేదా అన్నది ఆలోచించవలసిన విషయం. కాంగ్రెసు ఆ ఎన్నికల్లో పసుపు పెట్టెలో ఓటు వేయమని ప్రచారం చేసింది. చదువురాని ఓటరు మరుగులో ఒంటరిగా నిలబడి, కాగితాన్ని తనకు నచ్చిన రంగు పెట్టెలో వేసి బయటికి వచ్చాడు. మనిషికి ఒంటరిగా దక్కిన ఆ కాసింత చోటు ఎంత విలువైనదో జమీందారీ ఊళ్ళు చూశాయి.

రాజ్యాంగం అమలయ్యాక 1954లో ఎం.పి. శర్మ కేసులో ఎనిమిది మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు, రాజ్యాంగకర్తలు వద్దనుకున్న హక్కును తాము చేర్చలేమన్నారు. 1962 డిసెంబరులో ఖరక్ సింగ్ కేసు వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలైన మనిషి ఆయన. అయినా పోలీసులు హిస్టరీ షీటు తెరిచి, రాత్రిళ్ళు తలుపు కొట్టి ఇంట్లో ఉన్నాడా లేడా అని చూసేవారు. రాత్రి సోదాలు చెల్లవని, కాని అతని కదలికలపై నిఘా పెట్టవచ్చని, గోప్యత ప్రాథమిక హక్కు కాదని మెజారిటీ తీర్పు చెప్పింది. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి వచ్చిన కోకా సుబ్బారావు దానితో విభేదించారు. జస్టిస్ షాతో కలిసి ఆయన రాసిన మైనారిటీ తీర్పులో, రాజ్యాంగంలో ఆ మాట లేకపోయినా గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమని స్పష్టంగా చెప్పారు. ఇంట్లో మాత్రమే కాదు, వీధిలో నడిచేటప్పుడు కూడా వెనక నీడలా పోలీసు ఉంటే మనిషి స్వేచ్ఛగా ఉన్నట్టు కాదన్నది ఆయన ఆలోచన. హక్కు గడప దాటి మనిషి వెంట నడవడం ఇక్కడే మొదలైంది.

మైనారిటీ తీర్పు చట్టం కాదు. ఆ తేడా శ్రీకాకుళం ఏజెన్సీలో తెలిసివచ్చింది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు భూస్వాముల పక్షం కాల్పుల్లో చనిపోయాక గిరిజనోద్యమం సాయుధ పోరాటంగా మారింది. అప్పటి శ్రీకాకుళం జిల్లాలోని పార్వతీపురం ఏజెన్సీ ప్రాంతాలను 1969లో ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. సవరల, జాతాపుల గూడేల్లోకి ప్రత్యేక సాయుధ పోలీసులు దిగారు. గూడెంలో ఇంటికి తలుపు తడిక. ఆ తడిక వెనక ఎవరున్నారో, ఎవరికి అంబలి పోశారో అడిగేటప్పుడు వారంటు అడిగిన గిరిజనుడు లేడు, చూపించిన అధికారి లేడు. సుబ్బారావు రాసిన మాట ఆ కొండలెక్కడానికి ఇంకా చాలా కాలం ఉంది. 1975లో గోవింద్ కేసులో సుప్రీంకోర్టు గోప్యత హక్కు ఉండవచ్చునని, అయితే దానికి హద్దులున్నాయని అర్ధమనస్కంగా ఒప్పుకుంది. రౌడీ షీటు మాత్రం పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల బలంతో తెలుగు జిల్లాల స్టేషన్లలో సాగుతూనే వచ్చింది.

కన్యాశుల్కం నాటి ప్రశ్నకు సూటిగా జవాబు 1983లో హైదరాబాదులో వచ్చింది. భర్త దగ్గరికి వెళ్ళి కాపురం చేయమని భార్యను, లేదా భార్య దగ్గరికి భర్తను కోర్టు ఆదేశించవచ్చని హిందూ వివాహ చట్టం 9వ సెక్షను చెబుతుంది. మాట వినకపోతే ఆస్తి జప్తు చేయవచ్చు. టి. సరీత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి ఈ సెక్షను రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. ఇష్టంలేని స్త్రీని కోర్టు ఉత్తరువుతో పడకగదికి పంపడం ఆమె శరీరం మీద, బిడ్డను కనాలా వద్దా అన్న నిర్ణయం మీద ఆమెకున్న హక్కును లాక్కోవడమేనని ఆయన రాశారు. కాగితం మీద ఈ సెక్షను ఆడా మగా ఇద్దరికీ సమానమే అయినా, కడుపు మోసేది ఒక్కరేనని ఆయన గుర్తుచేశారు. దేశంలో ఏ కోర్టూ అంతవరకు పెళ్ళిలోపలి ఆడమనిషి గోప్యతను ఇంత నేరుగా పలకలేదు. మరుసటి ఏడాది ఆగస్టులో సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఈ తీర్పుతో ఏకీభవించలేదు. 9వ సెక్షను ఇప్పటికీ పుస్తకాల్లో ఉంది. అయినా చౌదరి తీర్పు ఓడిపోయిన తీర్పుగా మాత్రమే మిగల్లేదు. పెళ్ళి అన్న గడప వెనక ఇద్దరు వేర్వేరు మనుషులుంటారన్న మాట అప్పటి నుంచి న్యాయశాస్త్రంలో ఉండిపోయింది. భార్యకు తెలియకుండా భర్త ఆమె ఫోను సంభాషణలు రికార్డు చేసి విడాకుల కేసులో సాక్ష్యంగా తెస్తే, అది ఆమె గోప్యతను భంగపరచడమేనని 2008 నాటి లా రిపోర్టుల్లో ఉన్న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు అదే దారిలోది.

శాసనసభ చేసిన చట్టం మీద గోప్యత నేరుగా గెలిచిన తెలుగు కేసు మాత్రం స్టాంపు కాగితాలది. 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ 17వ చట్టం ద్వారా భారత స్టాంపు చట్టంలోని 73వ సెక్షనును సవరించింది. స్టాంపు సుంకం ఎగవేతను పట్టుకోవడం దాని లక్ష్యం. దానికోసం కలెక్టరు ఎవరికి అధికారమిస్తే వాళ్ళు పత్రాలున్న చోటికి వెళ్ళి తనిఖీ చేయవచ్చు, నకళ్ళు తీసుకోవచ్చు, పత్రాలు పట్టుకుపోవచ్చు. ఆ ఎవరో ఏ హోదావారై ఉండాలో, ఏ కారణం రాసి వెళ్ళాలో సవరణ చెప్పలేదు. బ్యాంకులో కుదువపెట్టిన భూమి పత్రం, అప్పు కాగితం, జామీను పత్రం ఇలా ఎవరి చేతికైనా వెళ్ళవచ్చు. బ్యాంకులు హైకోర్టుకు వెళ్ళి గెలిచాయి. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2004 నవంబరు 1న ప్రధాన న్యాయమూర్తి ఆర్.సి. లాహోటి, జస్టిస్ అశోక్ భాన్ ఆ సవరణ చెల్లదని తీర్పిచ్చారు. గోప్యత మనుషులది, చోట్లది కాదన్నది ఈ తీర్పులోని కీలకం. రైతు తన పట్టాను బ్యాంకుకు అప్పగించినంత మాత్రాన దానిమీద తన గుట్టు వదులుకున్నట్టు కాదు. కాగితం ఎక్కడున్నా మనిషి హక్కు దాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది. ఉత్తరాలను ఆపే అధికారాన్ని ఇంకా విస్తరించే పోస్టాఫీసు సవరణ బిల్లును పార్లమెంటు ఆమోదించిందీ 1986లోనే. దానిమీద సంతకం పెట్టకుండా అట్టిపెట్టుకున్నది రాష్ట్రపతి జైల్ సింగ్.

2012లో కర్ణాటక మాజీ న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి ఆధార్‌పై వేసిన కేసు వీటన్నిటినీ ఒక్కచోటికి తెచ్చింది. ఖరక్ సింగ్ తీర్పు ఉండగా గోప్యత హక్కే లేదని కేంద్ర ప్రభుత్వం వాదించడంతో, 2015 ఆగస్టు 11న ఆ ప్రశ్నను పెద్ద ధర్మాసనానికి పంపిన ముగ్గురు న్యాయమూర్తుల బెంచికి నాయకుడు జాస్తి చలమేశ్వర్. కృష్ణా జిల్లావాసి, విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివినవారు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. ఎం.పి. శర్మ తీర్పులో, ఖరక్ సింగ్ మెజారిటీ తీర్పులో దీనికి అడ్డుగా ఉన్న భాగాలు రద్దయ్యాయి. యాభై ఐదేళ్ళ తర్వాత కోకా సుబ్బారావు మాట చట్టమయింది. చలమేశ్వర్ విడిగా రాసిన తీర్పులో గోప్యతకు మూడు ముఖాలు చూపించారు: మనిషిని తన మానాన ఉండనివ్వడం, అతని చోటును గౌరవించడం, సొంత నిర్ణయాలను అతనికే వదలడం. మూడో ముఖం 1983లో చౌదరి రాసినదే. 

తీర్పు వచ్చేనాటికే తెలుగు ఊళ్ళలో మనిషి గుర్తు వేలి కొసకు చేరింది. 2015 నుంచి రాష్ట్రంలోని రేషన్ డిపోల్లో ఈ-పాస్ మిషన్లు పెట్టి ఆధార్ వేలిముద్ర పడితేనే బియ్యం ఇస్తున్నారు. దొంగ కార్డులు తగ్గాయన్నది ప్రభుత్వం మాట. అందులో నిజముంది. శ్రీకాకుళం జిల్లా పలాస–కాశీబుగ్గలో సంగతి మరోలా కూడా ఉంటుంది. అక్కడి జీడి పరిశ్రమలో పిక్కలు కొట్టి, పప్పు ఒలిచే పని ఎక్కువగా ఆడవాళ్ళది. పిక్క పెంకులో ఉండే ఘాటైన నూనె చర్మాన్ని తినేస్తుంది. ఏళ్ళ తరబడి ఆ పనిచేసిన చేతుల్లో వేలి గీతలు అరిగిపోయి నున్నబడతాయి. డిపో దగ్గర మిషన్ మీద వేలు పెడితే ఎర్రలైటు వెలుగుతుంది. బొటనవేలు తుడిచి మళ్ళీ పెట్టాలి, ఇంకో వేలు పెట్టాలి, అదీ కాకపోతే కన్ను చూపించాలి, లేదా ఇంట్లో ఇంకొకరు రావాలి. తాను తానేనని మిషన్‌ను ఒప్పించలేని మనిషికి గోప్యత, గుర్తింపు రెండూ ఒకే సమస్యకు రెండు కొసలు.

సమాచారం ఒకచోట కుప్పపోస్తే ఏమవుతుందో 2018 ఏప్రిల్‌లో కనబడింది. రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో సుమారు 1,34,000 మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు, కులం, మతం బయటికి తెరుచుకుని ఉన్నాయని పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. కులం వారీగా, మతం వారీగా వెతుక్కునే వీలు కూడా అందులో ఉంది. ఆ తర్వాత వాటిని తీసేశారు. ఇల్లు కావాలని దరఖాస్తు పెట్టినవాళ్ళు ఇచ్చిన వివరాలవి. ఇవ్వనంటే ఇల్లు రాదు. అలాంటి చోట ఇచ్చిన సమ్మతిని సమ్మతి అనడం కష్టం.

2019 ఆగస్టు 15న గ్రామ వలంటీర్ల వ్యవస్థ వచ్చింది. సుమారు యాభై ఇళ్ళకు ఒక వలంటీరు. పింఛను గడప దగ్గరికే వచ్చింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో డయాలసిస్‌కు వెళ్ళే మనిషికి అది ఎంత మేలో చెప్పనక్కరలేదు. అదే వలంటీరు చేతి ఫోనులో ఆ ఇంట్లో ఎవరికి ఏ జబ్బు, ఎవరి ఖాతా ఎక్కడ అన్నదీ ఉండేది. కిడ్నీ జబ్బు పేరు చెబితే పెళ్ళి సంబంధాలు వెనక్కుపోయే పల్లెల్లో ఆ సమాచారం బరువు వేరు.

రాష్ట్ర శాసనసభలో గోప్యత మీద పేరుపెట్టి చర్చ జరిగింది 2022 మార్చిలో. పెగసస్ నిఘా సాఫ్ట్‌వేరును చంద్రబాబు నాయుడు హయాంలో ఆంధ్రప్రదేశ్ కొన్నదని పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి మమతా బెనర్జీ అన్నారన్న వార్త దానికి నిప్పంటించింది. తెలుగుదేశం పార్టీ ఆ ఆరోపణను కొట్టిపారేసింది. అప్పటి స్పీకరు శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస శాసనసభ్యుడు తమ్మినేని సీతారాం. సభ కోరిన మీదట ఆయన భూమన కరుణాకర్ రెడ్డి అధ్యక్షతన సభాసంఘాన్ని నియమించారు. ఆ ఏడాది సెప్టెంబరులో సంఘం మధ్యంతర నివేదిక సభకు వచ్చింది. అది పెగసస్ కంటే ఎక్కువగా, గత ప్రభుత్వ కాలంలో రాష్ట్ర డేటా కేంద్రం నుంచి సమాచారం బయటికి పోయిందన్న ఆరోపణ చుట్టూ తిరిగింది. దాన్నీ తెలుగుదేశం ఖండించింది. మరుసటి ఏడాదికి వలంటీర్ల చేతిలోని సమాచారంపై అదే ఆరోపణ ఎదురుదిక్కున తిరిగింది. ప్రతి పక్షమూ ఎదుటివాళ్ళు తొంగిచూశారని అన్నది. ఎవరు అధికారంలో ఉన్నా తొంగిచూడకుండా ఏ నియమం కట్టాలన్న చర్చకు మాత్రం సభలో చోటు దొరకలేదు. అంత వేడి పుట్టిన సభకు అది పెద్ద లోటు.

జాతీయస్థాయిలో ఆ నియమం కోసం 2017లో జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ సంఘం ఏర్పడింది. 2018 జూలైలో ముసాయిదా ఇచ్చింది. 2019 డిసెంబరులో పార్లమెంటులో పెట్టిన బిల్లు సంయుక్త సంఘానికి వెళ్ళి, 2022 ఆగస్టులో వెనక్కు వెళ్ళింది. కొత్తగా రాసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ బిల్లును 2023 ఆగస్టు 3న లోక్‌సభలో ప్రవేశపెట్టారు. మణిపూర్ మీద ప్రతిపక్షాల నినాదాల మధ్య, కొద్దిసేపటి చర్చతో, 7న మూజువాణి ఓటుతో లోక్‌సభ, 9న రాజ్యసభ ఆమోదించాయి. 11న రాష్ట్రపతి సంతకమయింది. 1891లో పన్నెండేళ్ళ వయసు మీద దేశమంతా నెలల తరబడి వాదులాడుకుంది. నూటనలభై కోట్ల మంది వివరాలకు సంబంధించిన చట్టానికి ఒక వారం సరిపోయింది.

ఆ చట్టం సమాచారం సేకరించే సంస్థలు సమ్మతి తీసుకోవాలంటుంది, తప్పు చేస్తే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అంటుంది. ఇవి మంచివే. అయితే దేశభద్రత, శాంతిభద్రతల వంటి కారణాలతో ఏ ప్రభుత్వ సంస్థనైనా చట్టం నుంచి మినహాయించే అధికారాన్ని 17వ సెక్షను కేంద్రానికే ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన కొత్త పోస్టాఫీసు చట్టం, టెలికమ్యూనికేషన్ల చట్టం పాత 1898, 1885 చట్టాల స్థానంలోకి వచ్చినా అడ్డగించే అధికారాన్ని అలాగే నిలుపుకున్నాయి.

చట్టంలో 44వ సెక్షను పల్లెలకు నేరుగా తగిలేది. సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) నియమాన్ని అది మార్చింది. ఇంతకుముందు ప్రజాప్రయోజనం ఉంటే వ్యక్తిగత సమాచారం ఇవ్వవచ్చని ఆ నియమంలోనే రాసి ఉండేది. ఇప్పుడు వ్యక్తిగత సమాచారం అన్న కారణం చూపితే చాలు. ప్రజాప్రయోజనం కోసం ఇవ్వడానికి 8(2) ఒక్కటే మిగిలింది. ఉపాధి హామీ పథకం 2006లో మొదలైన జిల్లాల్లో విజయనగరం ఒకటి, మరుసటి ఏడాది శ్రీకాకుళం చేరింది. పథకంతోపాటే సామాజిక తనిఖీ వచ్చింది. మస్టరు రోలులో పేర్లు, పనిదినాలు, చెల్లించిన కూలి ఊరందరి ముందు చదువుతారు. పనికి రాని మనిషి పేరుంటే, చనిపోయినవాడి పేరుంటే అక్కడే ఎవరో లేచి చెబుతారు. కూలి పేరు చదవడం ఆ కూలికి రక్షణ. ఆ పేరు మీద డబ్బు తిన్నవాడికి మాత్రమే అది ఇబ్బంది. 1888లో శుల్కం పుచ్చుకున్న తండ్రి మరుగు కోరినట్టే, మస్టరులో దొంగపేర్లు రాసినవాడూ వ్యక్తిగత సమాచారం అన్న మరుగు కోరగలడు. బలహీనుడి వివరాలకు తలుపు వేయడం, బలవంతుడి లెక్కలకు తలుపు తీయడం రెండూ చేయవలసిన చట్టం ఈ చోట రెంటినీ ఒకే తాళంతో మూసింది. చట్టం అమలుకు కావలసిన నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సంస్థల బాధ్యతలకు సంబంధించిన ముఖ్య భాగాలు అమలులోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు.